ఎవరి వంతులో వాళ్ళు నిలబడండి

సర్వే శాఖలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు నల్లంపల్లిలో మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళ చేతుల్లో ఇప్పుడు ఉపగ్రహంతో మాట్లాడే యంత్రాలున్నాయి. మాకు ఉన్నది ఇనుప గొలుసు, ఎండ, గొలుసు పట్టే మనిషి సణుగుడు. కొలతలో పొరపాటు వస్తే మీరేం చేసేవాళ్ళు సార్ అని అడుగుతారు. మళ్ళీ కొలిచేవాణ్ణి, అంతే. కానీ నా ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు చేసిన రోజున కొలతలు చక్కగా కుదిరాయి. పై అధికారి ఆ పటం చూసి మెచ్చుకున్నాడు కూడా. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఆ పిల్లల కోసం రాస్తున్నాను.

తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. తమిళనాడులో మా ధర్మపురి వైపు తెలుగిళ్ళలో మాట్లాడతారే గాని చదవగలిగినవాళ్ళు తక్కువ. నాకూ మారండహళ్ళిలో మా అమ్మమ్మ పలక మీద దిద్దించబట్టి నాలుగు అక్షరాలు వచ్చాయి. కానీ ఈ కథలోని ఇద్దరు పెద్దమనుషులు జీవితమంతా తెలుగులోనే పోట్లాడుకున్నారు. వాళ్ళని అరవంలోకి దింపితే నాకు వాళ్ళ గొంతు వినబడదు. చదవడం రానివాళ్ళు ఎవరిచేతనైనా చదివించుకోండి.

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో నన్ను ఏరియూరు వైపు వేశారు. అక్కడ ఊరికి దూరంగా, గుట్ట వాలులో పదకొండు ఎకరాల మెట్ట ఉంది. ఒకప్పుడు కూలికి పోయే ఆరు కుటుంబాలు కలిసి కొనుక్కున్న నేల. మూడు కుటుంబాలు ఏసుని నమ్మినవి, మూడు మారెమ్మని నమ్మినవి. రాళ్ళేరి గట్టు పోశారు, బావి తవ్వారు, ఒక మోటారు పెట్టుకున్నారు. రికార్డులో అది ఉమ్మడి పట్టా, అంటే ఒకే నంబరు కింద ఆరు పేర్లు. అలాంటివి జిల్లాలో బోలెడున్నాయి. పేరుకి ఉమ్మడి, లోపల ఎవరి గట్టు వాళ్ళది. ఇక్కడ మాత్రం లోపల ఒక్క గట్టు కూడా లేదు. అందరూ కలిసి దున్నేవాళ్ళు, రాగులు కళ్ళంలో పోసి ఇంటిలో ఎన్ని నోళ్ళుంటే అన్ని వంతులుగా పంచుకునేవాళ్ళు. పని ఎవరు ఎంత చేశారన్నది ఆ పంపకంలో అడిగే పద్ధతి లేదు.

దీన్ని మొదలుపెట్టింది ఆ ఆరు ఇళ్ళలోని ఇద్దరు. ఒకాయన ఉపదేశి, అంటే ఫాదరు రాని వారాల్లో గుడిలో ప్రార్థన నడిపించే మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. సన్నగా, ఎప్పుడూ తెల్ల చొక్కాతో ఉండేవాడు. రెండో ఆయన వివసాయ సంఘంలో, అంటే రైతుల సంఘంలో, పనిచేసి రెండుసార్లు జైలు చూసి వచ్చిన ఎర్రజెండా మనిషి. ఊరంతా ఆయన్ని తోళరు అనేది, అరవంలో కామ్రేడ్ అన్నమాట. ఇంత మీసం, దేవుడంటే కోపం. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే ఇంట్లో మేకలు కాసినవాళ్ళు.

మొదటిసారి నేను పోయింది పక్క పొలం హద్దురాయి కనబడటం లేదని. మధ్యాహ్నం చింతచెట్టు కింద నన్నూ కూర్చోబెట్టి రాగిసంగటి, అవరగింజల పులుసు పెట్టారు. నేను తెలుగువాణ్ణని తెలియగానే ఇద్దరికీ కొత్త న్యాయమూర్తి దొరికినట్టయింది.

"మా మొదటి విశ్వాసులు ఇట్లనే బతికినారు సార్," అన్నాడు ఉపదేశి. "ఉన్నోళ్ళు తెచ్చి నడుమ పెట్టినారు, లేనోళ్ళు వాళ్ళకి కావలసింది తీసుకున్నారు. మా తోళరు ఇదంతా వాళ్ళ కట్చి కనిపెట్టింది అనుకుంటా ఉండాడు."

కట్చి అంటే పార్టీ. తోళరు సంగటి ముద్ద మింగి నా వైపు తిరిగాడు.

"పంచుకొని తినింది నిజమే సార్. కాదని నేను ఎప్పుడూ చెప్పలే. అయితే వాళ్ళు ఏం చేసినారు? ఉన్న పొలాలు అమ్మినారు, తిన్నారు. అమ్మింది అయిపోయినంక ఏం తింటారు? పొలం అమ్మొద్దు, కలిసి దున్నుదాము రండి అని ఒక్కడన్నా చెప్పినాడా అని అడగండి. మేము చెప్పినాము."

"చెప్పినారు. బెదిరించి మరీ చెప్పినారు," అన్నాడు ఉపదేశి.

"మీ ఇంట్లో బెదిరింపు లేదా? పొలం అమ్మి కొంచెం దాచుకున్నారని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆడనే పడి చచ్చినారు కదప్పా మీ కతలో. మా కట్చిలో అయితే కార్డు తీసేస్తారు, అంతే."

నేను పకపకా నవ్వాను. ఉపదేశి నవ్వలేదు.

"దాచుకున్నందుకు కాదు తోళరే. నీకు ఎన్నిసార్లు చెప్పేది? పొలం నీదే కదా, అమ్మమని నిన్ను ఎవరు అడిగినారు అనే కదా ఆ విశ్వాసుల పెద్దాయన వాళ్ళని అడిగింది. ఇవ్వకుండా ఉంటే తప్పే లేదు. అంతా ఇచ్చేసినాము అని అబద్ధం చెప్పినారు, అందుకు పోయినారు. ఇష్టం లేకుండా ఇచ్చేది ఇచ్చినట్టే కాదు."

"మనిషి ఇష్టాన్ని నమ్ముకొని సేద్యం చేసేదానికి అవుతుందా? పొద్దున ఒక ఇష్టం, మాపుకి ఒక ఇష్టం. కట్టుబాటు ఉండల్ల. అది లేకనే మీది కొన్నాళ్ళకే రాజుల చేతికి పోయింది."

"మీది ఎవరి చేతికి పోయింది, అది కూడా చెప్పు సార్‌కి."

ఇద్దరూ నా తీర్పు కోసం చూశారు. నేను మజ్జిగ అడిగాను. ఆ తర్వాత అటువైపు ఏ పని పడినా మధ్యాహ్నం ఆ చింతచెట్టు కిందికే చేరేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు ఆ గొడవ వినోదంగా ఉండేది. వాళ్ళిద్దరూ దాని మీద బతుకు పెట్టి మాట్లాడుతున్నారన్నది అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

రెండేళ్ళకి నా బల్ల మీదికి ఒక దరఖాస్తు వచ్చింది. ఆరు కుటుంబాల్లో చిన్నది ఒక వితంతువుది. మొగుడు చింతకాయ రాలుస్తూ కొమ్మ విరిగి పడి చనిపోయాడు. ఆమె, బడికి పోయే కూతురు, కారే కప్పు. ప్రభుత్వం ఇల్లు కట్టిస్తుంది, కానీ స్థలం ఆమె ఒక్కదాని పేరున ఉండాలి. అందుకని గుట్ట వైపు అంచున, ఏమీ పండని చోట, ఐదు సెంట్లు విడదీసి ఇమ్మని అడిగింది. పదకొండు ఎకరాల్లో ఐదు సెంట్లు.

ఉమ్మడి పట్టాలో ఒకరికి విడదీయాలంటే మిగతా అందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. వాళ్ళు దాని గురించి రెండు నెలలు తర్జనభర్జన పడ్డారు. తోళరు ససేమిరా అన్నాడు.

"ఇప్పుడు ఐదు సెంట్లు. రేపు ఒకడికి బోరు మానియం కావల్ల, దానికి తనిప్పట్టా అడుగుతాడు. ఎల్లుండి ఇంకొకడు. ఎక్కడ నిలుపుతావు ఉపదేశీ?" అన్నాడట. మానియం అంటే ప్రభుత్వమిచ్చే సబ్సిడీ, తనిప్పట్టా అంటే ఒక్కరి పేరున ఉండే పట్టా.

"ఆ పిల్ల ఇల్లు కారతా ఉంది," అన్నాడట ఉపదేశి. "నడుమ పెట్టింది అవసరం ఉండేవాళ్ళకి అని ఇన్నాళ్ళూ చెప్పినాము. దానికి ఈ అవసరం వచ్చింది. ఇప్పుడు కాదంటే మనం చెప్పిందంతా అబద్ధం అయిపోతుంది."

చేతులెత్తించారు. నాలుగు కుటుంబాలు ఇవ్వమన్నాయి. తోళరు ఒక్కడే వద్దన్నాడు, అయినా అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే. సంఘం తీర్మానం చేసినంక తల వంచల్ల, అది మా కట్టుబాటు సార్ అని నాతో చెప్పాడు. ఉపదేశి పక్కనే ఉండి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. తోళరు ఆ చెయ్యి తీసేయలేదు.

కొలతకి పోయింది మాఘమాసంలో ఒక ఉదయం. పెన్నాగరంలో బస్సు తప్పిపోయింది, రెండోది ఆలస్యంగా వచ్చింది. తాలూకా ఆఫీసులో పెండింగ్ కాగితాల మీద ముందురోజే చీవాట్లు తిన్నాను. గొలుసు పట్టే మనిషికి జ్వరం, దారి పొడవునా మూలుగుతున్నాడు. పొలం చేరేసరికి ఆరు కుటుంబాలవాళ్ళూ ఆడామగా వచ్చి గట్టు మీద నిలబడి ఉన్నారు. కళ్ళంలో రాగికంకులు అప్పుడే కుప్ప వేసి ఉన్నాయి.

పని గంటలో అయిపోయేది. ఐదు సెంట్లు కొలిచి, నాలుగు రాళ్ళు పాతి, మిగతాది ఐదు పేర్ల మీద అట్లే ఉమ్మడిగా ఉంచి రావచ్చు. రూలు కూడా అదే. కానీ నాకు ఒక ఆలోచన వచ్చింది. తోళరు చెప్పింది నిజమే, రేపు ఇంకొకడు వస్తాడు. ప్రతిసారీ నోటీసు, ప్రతిసారీ రెండు బస్సులు. అందరూ ఎటూ ఇక్కడే ఉన్నారు. ఒకేసారి ఆరుగురికీ విడదీసేస్తే నా పెండింగూ తగ్గుతుంది, వాళ్ళకూ మేలు. మేలు అన్న మాట నేను మనసులో నిజంగానే అనుకున్నాను. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మా సర్వేయర్లకి ఒక అలవాటు ఉంది. అన్నదమ్ముల పొలం విడదీసేటప్పుడు కాగితాలు తర్వాత చూస్తాం, ముందు మనుషుల్ని పొలంలోకి దింపుతాం. ఎవడు ఎక్కడ నిలబడతాడో అదే వాడి అనుభవంలో ఉన్న భూమి. దాన్నిబట్టి గొలుసు లాగుతాం. నూటికి తొంభైసార్లు అది సరిగ్గా కుదురుతుంది. నేను వందలసార్లు చెప్పిన మాటనే ఆ రోజూ చెప్పాను.

"ఎవరి వంతులో వాళ్ళు పోయి నిలబడండి."

ఎవరూ కదల్లేదు. ఒకావిడ నవ్వింది. అర్థం కాలేదనుకుని ఇంకొంచెం గట్టిగా చెప్పాను. అందరికీ తనిప్పట్టా రాసేస్తాను, మళ్ళీ మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరిగే పని ఉండదు, బోరుకైనా ఇంటికైనా అడ్డం ఉండదు అన్నాను. అప్పుడు ఒకాయన నెమ్మదిగా గట్టు దిగి బావి వైపు నడిచాడు. నడక మామూలుగానే ఉంది, బావి దగ్గర మొహం కడుక్కోవడానికి పోతున్నట్టు. అది చూసి ఇంకొకడు కొంచెం తొందరగా నడిచాడు. మూడో ఆయన భార్య మొగుడి మోచేతి మీద పొడిచింది. కాసేపటికి ముగ్గురు మొగవాళ్ళు బావి చుట్టూ పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఇరవై ఏళ్ళు ఒకే మోటారుతో నీళ్ళు పారించినవాళ్ళు.

ఆ వితంతువు తాను అడిగిన అంచు దగ్గర, రాళ్ళ మధ్య కూతురితో నిలబడింది. అక్కడినుంచే నన్ను పిలిచింది.

"సార్, నేను అడిగింది ఐదు సెంట్లే కదా. అందరికీ ఎందుకు సార్?"

"నీ మంచికేనమ్మా," అన్నాను.

ఉపదేశి ఇంకా గట్టు మీదనే ఉన్నాడు. మీరూ దిగండి అయ్యా, ఎండెక్కుతోంది అన్నాను. ఆయన కొంచెం దూరం పోయి, ఆగి, చుట్టూ చూసి మళ్ళీ వచ్చాడు.

"యాడ నిలబడేది సార్? యాడ నిలిచినా ఇంకొకళ్ళ మీద నిలిచినట్టు ఉంది."

తోళరు అప్పటిదాకా కోపంతో బావి వైపు చూస్తున్నవాడు, వచ్చి ఉపదేశి పక్కన నిలబడ్డాడు. బండిబాట మీద, పొలానికి బయట. నాకు చిరాకు వచ్చింది. ఆ క్షణంలో నేను ఆగి ఉండవచ్చు. గొలుసు చుట్టేసి, పొరపాటయింది, ఐదు సెంట్లే కొలుస్తాను అనవచ్చు. కానీ బావి దగ్గరివాళ్ళు అప్పుడే హద్దుల గురించి గొంతులు పెంచారు, నాకు ఆ తగాదా తీర్చడం వచ్చు, అది నా వృత్తి. చకచకా కొలిచాను. సాయంత్రానికి రాళ్ళు పాతాం. ఎవరూ నిలబడని పైవాలు, రాతి మెట్ట, ఆ ఇద్దరి పేర్ల మీద ఒకే నంబరుగా రాసి వాళ్ళచేత సంతకాలు తీసుకున్నాను. ఉపదేశి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాడు. కళ్ళంలో కుప్పని ఆ ఏడు ఎలా పంచుకున్నారో నేను అడగలేదు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు, మీరు ఆ శాఖవాళ్ళే. బావి ముగ్గురిదీ అని కాగితంలో ఉంది, నీళ్ళ వంతు ఎవరిది ముందు అని కాగితంలో లేదు. మొదటి వేసవిలో తిట్లు, రెండో వేసవిలో కేసు. ఒకడు బోరు వేశాడు. అది చూసి మిగతా ఇద్దరూ వేశారు. మూడో ఏడాదికి బావి అడుగు కనబడింది, మరుసటి ఏడాదికి బోర్లూ గాలి కక్కాయి. ఒక భాగం ఇటుక బట్టీకి పోయింది. ఎర్రమన్ను తవ్వి తవ్వి అక్కడ ఇప్పుడు గొయ్యి ఉంది.

ఈ పాపం ఊరు ఎవరి మీద వేసిందో చెప్పనా? ఆ వితంతువు మీద. తనిప్పట్టా అడిగి పొలం చీల్చింది ఆమే అన్నారు. ఏసుని నమ్మిన ఇళ్ళవాళ్ళు కొందరు, పొలం డబ్బు దాచుకుని చచ్చిన ఆ ఆలుమగల కథ తీసి ఆమె మొగుడి చావుకి ముడిపెట్టారు. ఉపదేశి గుడిలో లేచి అది తప్పు అని చెప్పాడట, వినలేదు. ఒకసారి నేను వేరే పని మీద పోయి ఏరియూరు టీకొట్టులో కూర్చుని ఉండగా నా ముందే ఆ మాట వచ్చింది. ఆమె అడిగింది ఐదు సెంట్లు, మిగతాదంతా నేను చేసింది అని ఒక్క వాక్యం చెబితే చాలు. నేను టీ తాగి, బస్సు వచ్చిందని లేచాను. బస్సు ఇంకా రాలేదు. ఆమె ఇంటికి తాళం పెట్టి కూతురితో అన్న ఇంటికి పోయిందని ఆ తర్వాతి ఏడు తెలిసింది. ఏ ఊరో కనుక్కోవడం నాకు కష్టం కాదు. కనుక్కోలేదు. సిగ్గుపడ్డాను.

ఆ ఇద్దరి వాదం ఒకసారి చెప్పినప్పుడు, మొదటి విశ్వాసుల మాటా, కమ్యూనిస్టుల మాటా ఒకటేనా అని మీలో ఒకరు నన్ను అడిగారు. నేను చదువుకున్నవాణ్ణి కాను. నాకు కనబడినంతవరకు ఆ ఇద్దరూ కోరుకున్న పంట ఒకటే. ఒకరు మనిషి ఇష్టాన్ని నమ్మారు, ఒకరు కట్టుబాటుని నమ్మారు. ఏది గెలిచేదో చూసే అవకాశం నేను ఇవ్వలేదు. తొందరలో ఉన్న ఒక గుమాస్తా గురించి ఇద్దరి గ్రంథాల్లోనూ ఏమీ రాసినట్టు లేదు.

నేను రిటైరయ్యాక రెండేళ్ళకి ఉపదేశి చనిపోయాడు. కబురు ఆలస్యంగా తెలిసింది. పోవాలనుకుని పోలేదు. పోయి ఏ మొహంతో నిలబడేది?

మొన్న ఎండాకాలం తోళరే మా ఇంటికి వచ్చాడు. మీసం తెల్లబడింది, మెట్టు ఎక్కడానికి తలుపు పట్టుకున్నాడు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, సంచిలోంచి పట్టా కాగితం తీసి నా ముందు పెట్టాడు. పైవాలు రాతి మెట్ట, రెండు పేర్లు.

"మా ఊరి కరణం, అదే వి.ఏ.ఓ., పిలిపించినాడు సార్. ఉపదేశి పోయినాడు, వారసులు లేరు, పేరు తీసేసి నీ ఒక్కడి పేరున మార్చుకో, మనవి రాసియ్యి అంటా ఉండాడు. మీరు తెలిసినవారు కదా, అడగదామని వచ్చినాను."

అది అంత సులభం కాదని నాకు తెలుసు, అయినా దారి ఉంది. మరణ పత్రం, దండోరా, అభ్యంతరాలకి గడువు, అలవాటు ప్రకారం చెప్పుకుంటూ పోయాను. ఆయన మధ్యలో చెయ్యి ఎత్తాడు.

"మార్చేది ఎట్లని అడగలేదు సార్. మార్చకుండా ఉండేదానికి దారి ఉందా అని."

ఎందుకని అడిగాను. ఆయన కాగితం మీద ఉపదేశి పేరు దగ్గర వేలు పెట్టాడు.

"ఏటా నేను కొంచెం కొర్ర చల్లుతా ఉండాను ఆడ. వచ్చింది నాలుగు పడులో, ఐదు పడులో, రెండు కుప్పలు పెడతాను. ఆయన కుప్ప ఎవురికి లేదో వాళ్ళకి ఇస్తాను. ఆయన పేరు తీసేస్తే అదంతా నాది అయిపోతుంది సార్. నాది అయినంక ఇచ్చేదానికి నాకు మనసు వస్తుందో రాదో."

దేవుణ్ణి నమ్మని మనిషి, ఆ మాట అంటూ ఏడ్చాడు. నాకూ కళ్ళు నిండాయి. ఆ రోజు నేను చేసింది తప్పని, ఆమెది కాదని, అప్పుడు ఆయనతో చెప్పాను. తెలుసు సార్ అన్నాడు. ఆమెతో చెప్పండి అన్నాడు. ఆమె ఉండే ఊరి పేరు ఆయనకు తెలుసు, వేరే కాగితం మీద నాచేత రాయించి నా దగ్గరే ఉంచాడు.

చనిపోయినవాళ్ళ పేర్లు వెంటనే తీయించండి, లేకుంటే చిక్కులు వస్తాయి అని ముప్పై రెండేళ్ళు ఊరూరా చెప్పినవాణ్ణి నేను. ఆ పట్టా మడిచి ఆయన సంచిలో పెట్టి, మనవి ఏమీ రాయొద్దండి, ఆ పేరు ఉండనీండి అన్నాను.